పిల్లలు తరగతిలో మనసు పెట్టాలంటే: బడిని, తోటి పిల్లలను సిద్ధం చేసే పద్ధతి

"పిల్లలు బడికైతే వస్తున్నారు, పాఠంలో మాత్రం ఉండటం లేదు. ఏం చేయమంటారు?" శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉపాధ్యాయులు, విద్యా కమిటీల్లో ఉన్న తల్లులు మళ్లీమళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. ఒక్క మాటలో చెప్పగలిగిన జవాబు దీనికి లేదు. అందుకే చేయాల్సిన పనులను వరుసగా రాస్తున్నాను. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఆరు నుంచి పది వరకు ఏ తరగతిలోనైనా వీటిని అమలు చేయవచ్చు.

ఇందులో వరుస చాలా ముఖ్యం. చాలామంది ఉత్సాహంగా మొదటి రోజే పిల్లలను జట్లుగా విడదీస్తారు. హేళన ఉన్న గదిలో జట్లు కడితే ఆ హేళన జట్టులోకి వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ముందు గమనించాలి, తర్వాత గదిని బాగుచేయాలి, ఆ తర్వాతే జట్లు కట్టాలి.

జూన్‌లో బడులు తెరిచిన వారం మొదలుపెట్టడానికి మంచిది. అది దాటిపోతే దసరా సెలవుల తర్వాత పెట్టుకోండి. పదో తరగతితో జనవరిలో మొదలుపెట్టవద్దు, పరీక్షల హడావిడిలో ఏదీ నిలవదు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి:

- మీరు మాత్రమే చూసే ఒక నోటు పుస్తకం
- గత మూడు నెలల హాజరు పట్టీ
- తరగతిలో ఎవరు ఎక్కడ కూర్చుంటారో చూపే పటం, చేత్తో గీసినది చాలు
- ప్రధానోపాధ్యాయుల అంగీకారం
- ఆ తరగతికి వచ్చే సబ్జెక్టు ఉపాధ్యాయుల్లో కనీసం ఇద్దరి సహకారం

చివరిది దొరకకపోతే ఆగండి. మీ పీరియడ్‌లో ఒక పద్ధతి, తర్వాతి పీరియడ్‌లో బెత్తం ఉంటే పిల్లలు బెత్తాన్నే నమ్ముతారు.

1. మొదటి వారం ఏమీ మార్చకండి, చూడండి

చదువులో మనసు పెట్టడం మూడు రకాలుగా ఉంటుంది. బడికి రావడం, రాయడం, చేయి ఎత్తడం కంటికి కనిపిస్తాయి. బడి అంటే ఇష్టమో, భయమో, విసుగో ముఖంలో కొంత తెలుస్తుంది. అర్థం చేసుకోవడానికి లోపల ఎంత ప్రయత్నిస్తున్నారో మాత్రం అడిగితేనే బయటపడుతుంది. పరిశోధకులు కూడా ఈ మూడింటినీ విడివిడిగా చూస్తారు.

బోర్డు మీద ఉన్నదంతా ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించుకునే అమ్మాయికి అందులో ఒక్క వాక్యమూ అర్థమై ఉండకపోవచ్చు. అల్లరి చేసే పిల్లవాడు ఎలాగూ మన కంట పడతాడు. ఈ అమ్మాయి పడదు.

రోజూ సాయంత్రం పది నిమిషాలు కూర్చుని వీటిని రాసుకోండి:

- ఈ రోజు ఎవరు రాలేదు? పోయిన వారం ఇదే రోజున వచ్చారా?
- మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరు ఒంటరిగా కూర్చున్నారు? ఎవరు తినలేదు?
- ఎవరైనా తప్పు జవాబు చెప్పినప్పుడు నవ్వింది ఎవరు?
- నేను ఈ రోజు ఎవరెవరి పేర్లు పలికాను?

నాలుగో ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. నలభై మంది ఉన్న తరగతిలో మన నోట రోజూ అవే పేర్లు తిరుగుతుంటాయి: బాగా చదివేవారివి, బాగా అల్లరి చేసేవారివి. మధ్యలో ఉన్నవారి పేర్లు హాజరు పిలిచినప్పుడు తప్ప వినపడవు.

వారం చివర్లో ఒక్కొక్కరికి చిన్న చీటీ ఇచ్చి మూడు ప్రశ్నలు అడగండి. పక్కన కూర్చుని చదువుకోవడానికి నీకు ఎవరు కావాలి, ఇద్దరి పేర్లు రాయి. పాఠం అర్థం కాకపోతే ఎవరిని అడుగుతావు? నువ్వు రెండు రోజులు రాకపోతే అందరికంటే ముందు గమనించేది ఎవరు?

"ఎవరంటే నీకు ఇష్టం లేదు?" అని ఎప్పుడూ అడగకండి. ఆ చీటీ ఎలాగో బయటికి వస్తుంది, వచ్చిందంటే ఆ బిడ్డకు ఆ ఏడంతా నరకమే.

ఇంటికి వెళ్లాక ఒక పెద్ద కాగితం మీద ప్రతి పేరు చుట్టూ సున్నా చుట్టి, ఎవరు ఎవరిని కోరుకున్నారో బాణాలు గీయండి. సమూహాల్లోని సంబంధాలను ఇలా పటంగా గీసే పద్ధతిని జేకబ్ మొరెనో 1930లలో ప్రచారంలోకి తెచ్చాడు. కంప్యూటర్ అక్కర్లేదు, పెన్సిల్ చాలు.

పటంలో ఒక్క బాణమూ చేరని పేర్లు కొన్ని ఉంటాయి. మూడో ప్రశ్న దగ్గర ఖాళీ వదిలినవారు, "ఎవరూ లేరు" అని రాసినవారు ఉంటారు. మీ పని వీరితో మొదలవుతుంది. వీరి పేర్లు నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకుని, ఆ పటాన్ని స్టాఫ్ రూమ్ బల్ల మీద వదలకుండా ఇంట్లోనే ఉంచండి.

2. కారణం ఇంట్లో ఉందా, బడిలో ఉందా తేల్చుకోండి

హాజరు పట్టీని మన జిల్లాల పనుల క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. జూలై, ఆగస్టుల్లో ఉభాలు, అంటే వరి నాట్లు. నవంబరు, డిసెంబరుల్లో కోతలు, నూర్పులు. మార్చి నుంచి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో జీడిపిక్కలు ఏరే పని. ఈ రోజుల్లో తగ్గే హాజరుకు మూలం ఇంటి అవసరంలో ఉంటుంది. దసరా తర్వాతి మంగళవారం జరిగే పైడితల్లి సిరిమానోత్సవానికి విజయనగరం చుట్టుపక్కల బడులు పలచబడితే అందులో బెంగపడాల్సింది ఏమీ లేదు.

వలస సంగతి వేరు. హైదరాబాద్, విశాఖపట్నం భవన నిర్మాణ పనులకు తల్లిదండ్రులు వెళ్లి, పిల్లలను అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉంచుతారు. తీరప్రాంత గ్రామాల్లో తండ్రులు గుజరాత్‌లోని వీరావల్ వైపు వేటకు వెళ్లి నెలల తరబడి అక్కడే ఉంటారు. ఈ పిల్లలు హాజరులో మాత్రం బాగానే కనిపిస్తారు. సాయంత్రం ఇంటికి వెళ్లాక "ఇవాళ ఏం చెప్పారు?" అని అడిగేవారే ఉండరు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లు ఇంకో రకం. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. అయినా డయాలసిస్ చాలామందికి వారానికి రెండు మూడు సార్లు చేయించాలి. తల్లి తండ్రికి తోడుగా వెళ్లిన రోజు చిన్నపిల్లలను చూసుకోవడానికి పెద్ద బిడ్డ ఇంట్లో ఆగిపోతుంది. వారంలో ఎప్పుడూ అవే రెండు రోజులు రాని అమ్మాయిని మందలించే ముందు ఈ సంగతి కనుక్కోండి.

ఏ సీజన్‌తోనూ, ఏ ఇంటి పనితోనూ సంబంధం లేకుండా హాజరు పడిపోతుంటే కారణం మన దగ్గరే ఉంది. ఫలానా పీరియడ్ ఉన్న రోజో, ఆటల పీరియడ్ ఉన్న రోజో, మరుగుదొడ్డికి నీళ్లు రాని రోజో చూసుకోండి.

3. గదిని బాగుచేయండి

ఈ మెట్టుకు రెండు వారాలు పూర్తిగా ఇవ్వండి.

మరుగుదొడ్లు, తాగునీళ్లు మొదట చూసుకోవాలి. ఆడపిల్లల మరుగుదొడ్డికి లోపలి గడియ పడుతుందా, నీళ్లు వస్తున్నాయా, శానిటరీ ప్యాడ్ వేయడానికి మూత ఉన్న డబ్బా ఉందా? నీళ్లు తాగితే మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని పొద్దుట నుంచి నోరెండబెట్టుకుని కూర్చున్న పిల్లకు మధ్యాహ్నం గణితం ఎక్కదు. ఈ పనులు విద్యా కమిటీ చేత చేయించండి.

తర్వాత ఆలస్యంగా వచ్చేవారి సంగతి. పది నిమిషాలు ఆలస్యమైనందుకు గేటు బయటో గుమ్మం దగ్గరో నిలబెట్టే అలవాటు చాలా బడుల్లో ఉంది. బస్సు తప్పి రెండు కిలోమీటర్లు నడిచి వచ్చిన బిడ్డను నలభై మంది ముందు నిలబెడితే, మళ్లీ బస్సు తప్పిన రోజు ఆ బిడ్డ బడికి రాడు. లోపలికి రానివ్వండి, కూర్చోనివ్వండి. కారణం విరామంలో విడిగా అడగండి.

శారీరక శిక్షను, మానసిక వేధింపును విద్యాహక్కు చట్టం 2009లోని సెక్షన్ 17 నిషేధిస్తుంది. అందరి ముందు అవమానించడం క్రమశిక్షణ అనే వాదనకు ఆ చట్టంలో చోటు లేదు.

ఇక నవ్వు. నా దృష్టిలో తరగతి గదిలో అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. తప్పు జవాబుకు నవ్వు, పాత చొక్కాకు నవ్వు, ఒంటి రంగును బట్టి పేరు, ఊరిని బట్టి పేరు, కులాన్ని గుర్తుచేసే పేరు. మొదటి రోజే గట్టిగా చెప్పండి: "ఈ గదిలో తప్పు జవాబు చెప్పినవాళ్లకు నేను థాంక్స్ చెబుతాను. ఎవరూ నవ్వకూడదు." ఆ రోజే దాన్ని చేసి చూపించాలి. తప్పు జవాబును బోర్డు మీద రాసి, "ఇందులో సరైన ఆలోచన ఎక్కడి వరకు ఉంది?" అని తరగతిని అడగండి. రెండు వారాలు విడవకుండా ఇలా చేస్తే కొత్త చేతులు లేస్తాయి.

మాట తీరును హేళన చేయడం కూడా ఇందులోదే. మన ఉత్తరాంధ్ర పిల్లలు ఇంటి మాటతో జవాబు చెబితే సరిదిద్దాలని తొందరపడతాం. ముందు జవాబు వినండి, విషయం సరిగ్గా ఉంటే మెచ్చుకోండి. రాతలో ప్రామాణిక రూపం ఎలా ఉంటుందో తర్వాత చూపించవచ్చు.

ఇచ్ఛాపురం, కవిటి వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలకు, మందస, మెళియాపుట్టి కొండ గూడేల సవర పిల్లలకు తెలుగే రెండో భాష. వాళ్లు మౌనంగా ఉంటే తెలియదని అనుకోకండి. మనసులో ఒక భాష నుంచి ఇంకో భాషకు మార్చుకుంటూ ఉండవచ్చు. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టుకుని అప్పుడు జవాబు అడగండి. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో. ఆయన జయంతి ఆగస్టు 29న సభ జరుపుకునే బడిలో సవర మాట వినిపిస్తే నవ్వు రావడం నాకు బాధ కలిగిస్తుంది.

కూర్చునే చోట్లను పదిహేను రోజులకు ఒకసారి మార్చండి. చివరి బెంచీ ఎవరికీ శాశ్వతం కాకూడదు. చూపు, వినికిడి సమస్య ఉన్నవారిని మాత్రం ముందు నుంచి కదపకండి. భోజనాల దగ్గర కులాల వారీగా, వీధుల వారీగా వరుసలు కడుతున్నట్టు కనిపిస్తే ఉపన్యాసం అక్కర్లేదు. మీ పళ్లెం తెచ్చుకుని రోజుకొక వరుసలో కూర్చుని తినండి, వడ్డించే వంతులు కలిపి వేయండి.

నాలుగో మెట్టు ఎక్కే ముందు ఇవి చూసుకోండి:

- రెండు వారాల్లో ఎవరినీ గుమ్మం బయట నిలబెట్టలేదు
- తప్పు జవాబుకు నవ్వు వినిపించిన ప్రతిసారీ ఆపాను
- అందరి పేర్లూ కనీసం ఒకసారి మంచి మాటతో కలిపి పలికాను
- మరుగుదొడ్డి, నీళ్ల సంగతి తేలింది

వీటిలో రెండు కుదరకపోతే ఇంకో వారం ఇక్కడే ఉండండి.

4. ముగ్గురేసి జట్లు కట్టండి

జంటలు కాకుండా ముగ్గురేసి ఎందుకంటే, మన బడుల్లో ఎవరో ఒకరు రాని రోజులు ఎక్కువ. జంటలో ఒకరు రాకపోతే రెండోవారు ఒంటరి. నలుగురైతే ఒకరు చల్లగా పక్కకు తప్పుకుంటారు.

బాణాల పటం ముందు పెట్టుకుని ఈ క్రమంలో కట్టండి. ముందు మొదటి పేజీలోని పేర్లను, అంటే ఎవరూ కోరని పిల్లలను, ఒక్కో జట్టులో ఒక్కరిని వేయండి. ఆ బిడ్డ రాసిన పేర్లలో ఒకరిని జట్టులోకి తెండి. మూడోవారిగా నెమ్మదస్తుణ్ని, ఓపిక ఉన్నవారిని ఎంచుకోండి. అదే వీధివారో, అదే ఆటోలో వచ్చేవారో అయితే మరీ మంచిది, ఎందుకో ఆరో మెట్టులో తెలుస్తుంది.

తరగతిలో మొదటి ర్యాంకు వచ్చే బిడ్డను బొత్తిగా వెనుకబడిన బిడ్డ పక్కన వేయడం అందరూ చేసే పొరపాటు. వారిద్దరి మధ్య దూరం చాలా ఎక్కువ. ఒకరికి విసుగు, ఇంకొకరికి సిగ్గు. ఈ మధ్యే కష్టపడి ఆ లెక్క నేర్చుకున్నవారే దాన్ని బాగా చెప్పగలరు, ఎక్కడ తడబడ్డారో వారికి ఇంకా గుర్తుంటుంది.

ఏడిపించేవారిని, ఏడిపించబడేవారిని "కలిసిపోతారులే" అని ఒకే జట్టులో వేయకండి. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి కూర్చోవడం ఆ ఊళ్లో అలవాటు లేకపోతే మొదటి ఆరు వారాలు విడివిడిగానే ఉంచండి.

తరగతికి చెప్పేటప్పుడు "తెలివైనవాళ్లు", "వెనుకబడినవాళ్లు" అనే మాటలు రాకూడదు. "ఆరు వారాలు వీళ్లు మీ తోడు. ఒకరు రాకపోతే మిగతా ఇద్దరికీ తెలియాలి. ఒకరికి అర్థం కాకపోతే ముందు జట్టులో అడగాలి, తర్వాత నన్ను" అని చెప్పండి, చాలు.

ఇప్పుడు అసలు శిక్షణ. సాయం ఎలా చేయాలో పిల్లలకు తెలియదు. తెలిసిన పని ఒక్కటే, తన నోటు పుస్తకం పక్కవారికి ఇచ్చేయడం. కాబట్టి ఒక పూర్తి పీరియడ్ సాయం చేయడం నేర్పండి. ఒక పిల్లను బోర్డు దగ్గరికి పిలిచి, మీరే లెక్క రాని విద్యార్థిగా మారండి.

మూడు బై నాలుగు, ఒకటి బై ఆరు కలపాలనుకోండి. మీరు పైవి పైన, కిందవి కింద కూడి 4/10 అని రాయండి. ఆ పిల్ల వెంటనే "తప్పు సార్, 11/12" అంటుంది. అక్కడ ఆపి, తరగతిని అడగండి: "ఇప్పుడు నాకు ఏం అర్థమైంది?" ఏమీ అర్థం కాలేదని వాళ్లే చెబుతారు. అప్పుడు బోర్డు మీద నాలుగు వాక్యాలు రాయండి:

- ఎంతవరకు చేశావో చూపించు.
- ఇక్కడ ఇలా ఎందుకు చేశావు?
- ఇలాంటిది మనం ఎక్కడ చేశాం, పుస్తకంలో చూద్దామా?
- ఇప్పుడు నువ్వు చెయ్యి, నేను చూస్తాను.

అదే పిల్ల చేత, అదే లెక్కతో మళ్లీ చేయించండి. "కింద 4, 6 ఎందుకు కలిపారు సార్?" అని అడుగుతుంది. "రెండూ అంకెలేగా" అంటారు మీరు. ఆ పిల్ల ఒక కాగితాన్ని నాలుగు మడతలు, ఇంకొకదాన్ని ఆరు మడతలు పెట్టి చూపిస్తుంది: ముక్కలు ఒకే సైజులో లేవు, కలిపి లెక్కపెట్టలేం. ఒకే సైజు కావాలంటే 12 భాగాలు చేయాలి, తొమ్మిది ముక్కలు ఒకవైపు, రెండు ముక్కలు ఇంకోవైపు. అలా 11/12 దగ్గరికి మీరే చేరతారు. తరగతి మొత్తం దీన్ని చూస్తుంది. సాయం అంటే ఏమిటో ఆ రోజు అర్థమవుతుంది.

అడిగేవారికి కూడా ఒక వాక్యం నేర్పాలి. "నాకేమీ రాదు" అని కాకుండా "ఇక్కడి వరకు వచ్చింది, ఈ గీత దగ్గర ఆగిపోయాను" అని చెప్పడం. సాయం అడగడం సిగ్గుపడే పని కాదని ఈ వాక్యమే వాళ్లకు నేర్పుతుంది.

చెప్పేవారు ఎప్పుడూ ఒకరే కాకూడదు. లెక్కల్లో వెనుకబడిన బిడ్డకు చేపల వల అల్లడం, బొమ్మ గీయడం, ఒడియాలో మాట్లాడటం, మొక్కల పేర్లు చెప్పడం వచ్చి ఉండవచ్చు. వారంలో ఒక్కసారైనా ఆ బిడ్డ చెప్పాలి, మిగతా ఇద్దరూ నేర్చుకోవాలి.

5. జట్టుకు పాఠంలోనే పని పెట్టండి

రోజూ చివరి పది నిమిషాలు జట్టుకు ఇవ్వండి. వారానికి ఒకసారి మాత్రం ఎవరి భాగం లేకపోయినా పాఠం పూర్తి కాని పని పెట్టాలి. మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ అరాన్సన్ 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగర బడుల్లో, వేర్వేరు జాతుల పిల్లల మధ్య పగలు తగ్గించడానికి తెచ్చిన జిగ్సా పద్ధతి ఇదే.

మన దగ్గర తుఫాను పాఠం తీసుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకూలాయో ఇంట్లో పెద్దలందరికీ గుర్తే. పాఠాన్ని మూడు భాగాలు చేయండి: హెచ్చరిక వచ్చాక ఏం చేయాలి, గాలి వీస్తున్నప్పుడు ఏం చేయాలి, వెలిసిన తర్వాత ఏం చేయాలి. జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో భాగం.

45 నిమిషాల పీరియడ్‌లో సమయం ఇలా పంచుకోండి:

- 5 నిమిషాలు: భాగాలు పంచడం, పని చెప్పడం
- 12 నిమిషాలు: ఒకే భాగం వచ్చినవారు, వేర్వేరు జట్ల నుంచి, నలుగురైదుగురు కలిసి చదవడం
- 18 నిమిషాలు: సొంత జట్టుకు తిరిగివచ్చి, ఒక్కొక్కరు ఆరు నిమిషాలు చెప్పడం
- 10 నిమిషాలు: అందరూ విడివిడిగా మూడు ప్రశ్నలకు జవాబు రాయడం

రెండో విడతను తీసేయాలని అనిపిస్తుంది, తీయకండి. సరిగ్గా చదవలేని బిడ్డ తన భాగాన్ని ముందుగా నలుగురితో కలిసి అర్థం చేసుకునేది అక్కడే. ఆ ధైర్యం లేకుండా జట్టు ముందు కూర్చోబెడితే మళ్లీ నవ్వులపాలవుతాడు. చదవడం బొత్తిగా రానివారికి ముందు రోజే ఆ పేరా చదివి వినిపించండి.

మార్కులు జట్టుకు వేయకండి, ఎవరివి వారికే.

6. రాని రోజు, తిరిగి వచ్చిన రోజు

రాని మొదటి రోజు సాయంత్రం, దారిలో ఇల్లు ఉన్న జట్టువారు వెళ్లి "ఇవాళ రాలేదేం? రేపు వస్తావుగా" అని పలకరించాలి. ఒంటరిగా ఆడపిల్లను పంపకండి, చీకటి పడ్డాక ఎవరినీ పంపకండి. మూడో రోజు మీరు ఫోన్ చేయండి. అయిదో రోజు విద్యా కమిటీలోని ఒక తల్లిని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లండి.

వారం తర్వాత బిడ్డ తిరిగి వచ్చిన ఉదయం అంతకంటే ముఖ్యం. "దొరగారికి ఇప్పటికి తీరిందా?" అనే మాట మన నోట వెంట చాలా సులువుగా వస్తుంది. ఆ ఒక్క మాటతో రేపటి హాజరు పోతుంది. ఆ రోజు ఇలా చేయండి:

- గుమ్మం దగ్గరే పేరు పెట్టి పిలిచి "వచ్చావా, మంచిది" అనండి
- కారణం అందరి ముందు అడగకండి
- ఆ రోజు ఆ బిడ్డకు పరీక్ష వద్దు, బోర్డు దగ్గరికి పిలవడం వద్దు
- జట్టువారు విరామంలో పదిహేను నిమిషాలు కూర్చుని జరిగిన పాఠాల్లో ముఖ్యమైనవి చెప్పాలి
- మొత్తం నోట్సు ఎక్కించమని శిక్షలా వేయకండి, ప్రతి సబ్జెక్టులో ఒక్క పేజీ చాలు

7. ఇంటివారితో మాటలు

విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో (మనం విద్యా కమిటీ అంటున్నది ఇదే) నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. వారిని సంతకాలకే పిలవకుండా, మరుగుదొడ్డి, నీళ్లు, రాని పిల్లల ఇళ్లకు వెళ్లడం వంటి పనులు అప్పగించండి.

పనికి వెళ్లే వారికి పగటి పూట సమావేశం కుదరదు. సాయంత్రం ఆరున్నరకు రచ్చబండ దగ్గరకో, రామమందిరం దగ్గరకో మీరే వెళ్లండి. పిల్లను సాకుతున్న అమ్మమ్మకు ప్రోగ్రెస్ కార్డు చదివి వినిపించడం వల్ల ఒరిగేది లేదు. "రాత్రి అన్నం తినేటప్పుడు ఇవాళ బడిలో ఎవరితో కూర్చున్నావు, ఏం చెప్పుకున్నారు అని అడగండి అమ్మా" అని చెప్పండి. చదువు రానివారు కూడా రోజూ అడగగలిగిన ప్రశ్న అది.

8. మధ్యలో వచ్చే చిక్కులు, విడదీసే తీరు

"మా అమ్మాయి సమయం వృథా అవుతోంది మాస్టారూ." బాగా చదివే పిల్లల తల్లిదండ్రులు తప్పకుండా అంటారు. వారి ఆందోళన నిజమైనదే, తోసిపుచ్చకండి. వారి ముందే ఆ పిల్ల చేత ఒక లెక్కను "ఎందుకు" అని అడుగుతూ చెప్పించండి. చెప్పడం వల్ల తనకే ఎక్కడ స్పష్టత లేదో బయటపడుతుంది. వారానికి ఒక్క జిగ్సా పీరియడ్ తప్ప జట్టు పని రోజుకు పది నిమిషాలు దాటనివ్వనని మాట ఇచ్చి, నిలబెట్టుకోండి.

సాయం చేసేవారే హోంవర్క్ రాసిపెడుతుంటే రెండు చేతిరాతలు ఒకేలా కనిపిస్తాయి, లేదా ఇద్దరి తప్పులూ ఒకటే అవుతాయి. తిట్టనక్కర్లేదు. మర్నాడు అదే లెక్కను అంకెలు మార్చి ఇవ్వండి, చెప్పిన పద్ధతి పనిచేయలేదని ఇద్దరికీ తెలుస్తుంది. నాలుగు వాక్యాలను మళ్లీ అభ్యాసం చేయించండి.

జట్టులో కబుర్లు ఎక్కువైతే సాధారణంగా పని తక్కువై ఉంటుంది. సమయం తగ్గించి, ఆఖర్లో చూపించాల్సిన ఒక వస్తువు పెట్టండి: ఒక పటం, మూడు వాక్యాలు, ఒక జవాబు.

ఒక బిడ్డను జట్టు పక్కన పెడుతుంటే కారణం విడిగా ఒక్కొక్కరినీ అడగండి. కులం కారణమైతే జట్టు మార్చి తప్పించుకోకండి. ప్రధానోపాధ్యాయులకు చెప్పి, ఆ ఇళ్ల పెద్దలతో నేరుగా మాట్లాడండి, ఆ బిడ్డకు బడి అండగా ఉందని తెలియాలి. మాటకు మాట పెరిగిన చిన్న అలక అయితే ఆరు వారాలు పూర్తయ్యే వరకు ఆ జట్టునే కొనసాగించండి. సర్దుకోవడం కూడా వాళ్లు నేర్చుకోవాలి.

పదో తరగతిలో ఒత్తిడి పెరిగేకొద్దీ జట్లు రద్దు చేసి స్టడీ అవర్లు పెంచాలని పైనుంచి మాట వస్తుంది. స్టడీ అవర్‌నే జట్ల వారీగా కూర్చోబెట్టండి. విడిగా సమయం అడగనక్కర్లేదు.

9. పిల్లల మీద పెట్టకూడని బరువు

తోడు బలపడిన కొద్దీ పిల్లలు ఒకరికొకరు మనసులోవి చెప్పుకుంటారు. కొట్టే తండ్రి, తప్పుగా ముట్టుకునే బంధువు, నిశ్చయమైన పెళ్లి, చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట. వీటిని పదమూడేళ్ల స్నేహితురాలు మోయలేదు. మొదటి రోజే చెప్పండి: "ఎవరైనా ప్రమాదంలో ఉన్నారనిపిస్తే ఒట్టు పెట్టినా సరే నాకు చెప్పాలి. అది చాడీ కాదు."

ఈ నంబర్లు తరగతి గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి:

- 1098: పిల్లల హెల్ప్‌లైన్
- 14416: టెలీ మానస్, మానసిక ఆరోగ్య సాయం
- 112: అత్యవసర సాయం

లైంగిక వేధింపు సంగతి మీ చెవిన పడితే పోలీసులకు తెలియజేయడం పోక్సో చట్టం 2012 ప్రకారం మీ బాధ్యత. ఊరి పెద్దల మధ్య సర్దుబాటుకు వదలకూడదు. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయికి పెళ్లి కుదిరిందని తెలిస్తే ముహూర్తం దాకా చూడకుండా 1098కి చెప్పండి. బిడ్డ చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, పదేపదే ప్రశ్నించకండి, పేరు స్టాఫ్ రూమ్‌లో నలగనివ్వకండి.

10. ఆరు వారాలకోసారి లెక్క చూసుకోండి

మార్కులు వెంటనే పెరగకపోవచ్చు, వాటిని కొలతగా పెట్టుకుంటే మధ్యలోనే మానేస్తారు. ముందుగా మారేవి ఇవి:

- మొదటి పేజీలోని పిల్లల హాజరు
- మీరు అడగకుండానే పిల్లలు వేసే ప్రశ్నలు
- సగంలో ఆగినా, ప్రయత్నించి తెచ్చిన హోంవర్క్
- భోజనాల దగ్గర ఒంటరిగా కూర్చునేవారి సంఖ్య

అవే మూడు ప్రశ్నల చీటీ మళ్లీ ఇచ్చి, కొత్త పటం గీసి పాతదాని పక్కన పెట్టండి. ఒక్క బాణమూ లేని పేరుకు ఒక్క బాణం వచ్చినా ఆ జట్టు బాగా కుదిరినట్టే. రెండో విడతలో ఆ బిడ్డను, ఆ బాణం గీసినవారిని కలిపే ఉంచి, మూడోవారిని మాత్రమే మార్చండి. మిగతా జట్లన్నీ కొత్తగా కట్టుకోవచ్చు.

ఏప్రిల్‌లో, వేసవి సెలవులకు ముందు, పై తరగతి ఉపాధ్యాయుడికి ఒక్క పేజీ రాసి ఇవ్వండి: ఎవరు ఎవరితో బాగా కుదురుకుంటారు, ఎవరికి కొంచెం ఎక్కువ సమయం కావాలి, ఎవరి ఇంట్లో ఏ రోజుల్లో ఇబ్బంది ఉంటుంది. ఇంట్లో గుట్టుగా ఉంచాల్సినవి అందులో రాయవద్దు. బదిలీల జాబితా రాకముందే ఈ పని పూర్తి చేయండి. మీ బడికి పిల్లలను పంపే ప్రాథమిక పాఠశాలల అయిదో తరగతి ఉపాధ్యాయులను కూడా ఇలాంటి పేజీ ఒకటి రాసిమ్మని అడగండి. జూన్‌లో ఆరో తరగతి మొదటి ఉదయాన ప్రతి కొత్త బిడ్డ పక్కన తెలిసిన ముఖం ఒక్కటైనా ఉండేలా బెంచీలు సర్దడానికి అది సరిపోతుంది.